82,600 రూపాయల్లో అద్దె ఇంటి వంటగది: తిరుపతిలో చేసిన ఒక పని వివరం

మార్చి చివర్లో టీచరమ్మ చిత్తూరు నుంచి ఫోన్ చేశారు. తిరుపతి బైరాగిపట్టెడలో ఆమెకు రెండంతస్తుల ఇల్లు ఉంది. మేడ మీది పోర్షన్ ఖాళీ అయింది. "నాయనా, వంటిల్లు చూసి ఎవరూ రావడం లేదు. మాడ్యులర్ కిచెన్ పెట్టించేస్తే అద్దె పెరుగుతుందా? ఒక షోరూం వాళ్లు 1,90,000 అన్నారు" అని అడిగారు. చేతిలో ఉన్నది 80,000. మిగతాది బంగారం కుదువ పెట్టి తెస్తానన్నారు.

నేను ఈ ఊళ్లో పదహారేళ్లుగా ఇళ్ల రిపేర్లు, చిన్న చిన్న మార్పులు చేస్తున్నాను. అందులో సగానికి పైగా అద్దె ఇళ్లే. బంగారం మాట వినగానే మరుసటి రోజు పొద్దున్నే వెళ్లి ఇల్లు చూశాను.

1996లో కట్టిన ఇల్లు. వంటగది తూర్పు పడమరలుగా తొమ్మిది అడుగులు, ఉత్తర దక్షిణాలుగా ఏడు. వంట గట్టు అంతా ఒకే ఎత్తు, 35 అంగుళాలు. మీద పరిచిన నల్లబండ సింకు దగ్గర రెండు ముక్కలైంది. కింద చెక్క తలుపులకు చెద పట్టింది. ఒక తలుపు చేత్తో పట్టుకోగానే పొడిగా రాలింది. కరెంటుకు ఒకే ఒక్క చిన్న ప్లగ్ ఉంది. దానికే ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి మిక్సీ, ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్ అన్నీ నడిపారట. ప్లగ్ చుట్టూ గోడ గోధుమ రంగుకి మాడింది.

పాత అద్దె 8,500. వంటగది బాగుంటే ఆ వీధిలో అలాంటి పోర్షన్‌కి 10,000 వస్తుంది. అంటే నెలకు 1,500, ఏడాదికి 18,000 ఎక్కువ. షోరూం లెక్క ప్రకారం 1,90,000 తిరిగి రావాలంటే పదేళ్లు దాటుతుంది. వాళ్లు ఇస్తామన్నది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన బోర్డు మీద లామినేట్ అతికించిన అలమరాలు. సొంత ఇంట్లో జాగ్రత్తగా వాడుకునే వాళ్లకు అది సరిపోవచ్చు. అద్దె ఇంట్లో రెండు మూడేళ్లకొక కుటుంబం మారుతుంది. సింకు కింద ఒక్కసారి నీళ్లు కారితే బోర్డు ఉబ్బిపోతుంది, ఇక మళ్లీ ఎండి మామూలు కాదు. పదేళ్ల అప్పు పెట్టి ఐదేళ్ల సరుకు కొనొద్దని టీచరమ్మకు గట్టిగానే చెప్పాను. "మరి ఏం చేద్దాం?" అన్నారు. "ముందు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం. అప్పటిదాకా ఒక్క రూపాయి సామాను కూడా కొనకండి" అన్నాను.

అలా అనడానికి కారణం ఉంది. కింది పోర్షన్‌లో ఉండే అక్క నన్ను పిలిచి తన వంటింటి సీలింగు చూపించింది. ఒక మూల చేట అంత మరక, పెచ్చులు కూడా లేచాయి. బాత్రూం నుంచి కారుతోందని అందరూ అనుకుంటున్నారట. రెండేళ్ల కిందట బాత్రూం టైల్స్ ఊడదీసి మళ్లీ వేయించారు కూడా. మరక మాత్రం పోలేదు.

నాకు సింకు మీదే అనుమానం. రూఢి చేసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. సింకుకి బిరడా పెట్టి నిండా నీళ్లు పట్టి, బట్టలకు వాడే నీలిమందు బాగా కలిపి, ఒక్కసారిగా వదిలాను. అలా మూడుసార్లు చేశాను. మరుసటి రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. మరక మధ్యలో, పైపు దిగే చోట, లేత నీలం చుక్కలు కనిపిస్తున్నాయట. బాత్రూం మీద రెండేళ్ల కిందట పెట్టిన డబ్బంతా వృథా అని అప్పుడు తేలింది.

గట్టు పగలగొట్టాక అసలు సంగతి బయటపడింది. సింకు నీళ్ల పైపు గట్టు లోపలి ఇటుకల్లోంచి దిగి, స్లాబుకు కొట్టిన కంతలోంచి కిందికి పోతోంది. కంత దగ్గర జాయింటు ఎప్పుడో విరిగింది. దాని చుట్టూ ఎవరో గుడ్డ చుట్టి పైన సిమెంటు మెత్తారు. మేస్త్రీ ఆ గుడ్డని లాగి చూపించి, "ఎన్నేండ్ల నుంచి తాగతా ఉండాదో సార్ ఈ స్లాబు" అన్నాడు. పైన కొత్త అలమరాలు బిగించి ఉంటే వాటి వెనక ఇది అలాగే ఉండిపోయేది. రెండేళ్లలో కొత్త బోర్డూ పోయేది, స్లాబులో ఇనుమూ తుప్పు పట్టేది.

ఆ పైపుని అదే దారిలో బాగు చేయకుండా దారే మార్చాను. సింకు ఉన్నది ఉత్తరం గోడకు, కిటికీ కింద. గోడకు అడ్డంగా రంధ్రం వేసి రెండంగుళాల పైపుని నేరుగా బయటికి తీసి, బయటి గోడ మీదుగా కింద డ్రైనేజీ ఛాంబర్లోకి దించాం. పైపు అడ్డంగా నడిచే చోట ప్రతి నాలుగు అడుగులకు ఒక అంగుళం వాలు ఉండాలి. వాలు తక్కువైతే మెతుకులు, నూనె జిడ్డు అక్కడే కూర్చుంటాయి. మలుపు దగ్గర మూత తీసి శుభ్రం చేసుకునే డోర్ టీ పెట్టించాను. బయటి గోడ మీద పైపు కనిపిస్తే బాగుండదని టీచరమ్మ కొంచెం బాధపడ్డారు. కనిపించే పైపు కారితే ఆ రోజే తెలుస్తుంది, ఐదు వందలతో పోతుంది. అద్దె ఇంట్లో పైపు ఎప్పుడూ కంటికి కనిపించాలనేది నా గట్టి నమ్మకం. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడను.

పాత కంతని ఎండినా కుంచించుకోని గ్రౌట్‌తో (సందులు నింపే సిమెంటు మిశ్రమం) పూడ్చి, ఆ మూలంతా గోడ మీదికి అడుగు ఎత్తు దాకా రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ పూశాం. అది ఎండాక చుట్టూ సిమెంటు మాలుతో చిన్న కట్ట వేసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి రెండు రోజులు వదిలేశాం. కింద అక్క పొద్దున, సాయంత్రం సీలింగు చూసి చెప్పేది. చుక్క పడలేదు. ఈ మూల పని మొత్తానికి 5,200 అయింది. ముందు వేసుకున్న అంచనాలో ఇది లేదు.

ఇక గట్టు ఎత్తు. అద్దె ఇళ్లలో దీని గురించి ఎవరూ ఆలోచించరు. మేస్త్రీకి చేయి అలవాటైన ఎత్తులో కట్టేస్తాడు. పాత గట్టు 35 అంగుళాలు, మీద స్టవ్ ఇంకో ఆరు. 41 అంగుళాల మీద గిన్నె పెట్టి రాగిసంగటి గెలకాలంటే చేతులు భుజాల దాకా లేవాలి. కట్టె పట్టి ఒత్తి తిప్పే బలం పై నుంచి రావాలి కదా. ఇక్కడ వారానికి నాలుగు రోజులు సంగటి వండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఖాళీ చేసి వెళ్లిన అమ్మాయికి ఫోన్ చేసి ఏం ఇబ్బంది పడ్డారని అడిగితే మొదటి మాట అదే చెప్పింది: "సంగటి కిందకి దించుకుని గెలికేదాన్ని సార్." రెండో మాట, సింకులో అంట్లు తోముతుంటే నడుం నొప్పి. సింకు లోతు గట్టు మట్టం నుంచి కిందికి ఉంటుంది కాబట్టి తోమేటప్పుడు చేతులు తొమ్మిది అంగుళాలు కిందికి పోతాయి. అంటే స్టవ్ దగ్గర ఎత్తు బాగా తగ్గాలి, సింకు దగ్గర పెద్దగా తగ్గకూడదు.

అందుకే గట్టుని రెండు ఎత్తుల్లో కట్టాం. ఉత్తరం గోడ వెంట తొమ్మిది అడుగులు 34 అంగుళాల ఎత్తు, అక్కడ సింకు, కూరగాయలు తరుక్కునే చోటు. తూర్పు గోడ వెంట ఐదు అడుగులు 30 అంగుళాలు, అక్కడ స్టవ్. ఇటుకల గట్టుకి ఈ మెట్టు వల్ల పెరిగే ఖర్చు దాదాపు ఏమీ లేదు. కట్టే ముందు ఇటుకలు పేర్చి పైన పలక పెట్టి, టీచరమ్మని నిలబెట్టి చపాతీ ఒత్తమన్నాను, కింది అక్కని గిన్నె పెట్టి కట్టె తిప్పమన్నాను. ఇద్దరి ఎత్తుకీ అర అడుగు తేడా ఉంది. ఇద్దరూ బాగుందన్నాకే దారం కట్టాం. స్టవ్ ఆగ్నేయంలో, వండే మనిషి తూర్పు ముఖంగా, సింకు ఉత్తరాన. వాస్తు చూడకుండా ఇల్లు తీసుకునే వాళ్లు ఇక్కడ తక్కువ. గది ఆకారం ఒప్పుకుంటున్నప్పుడు ఆ మర్యాద పాటించకపోవడానికి నాకు కారణం కనిపించలేదు.

30 అంగుళాల గట్టు కింద సిలిండర్ పడుతుందా అని మేస్త్రీకి అనుమానం వచ్చింది. 14.2 కిలోల సిలిండర్ ఎత్తు 25 అంగుళాలకు కాస్త తక్కువే ఉంటుంది. బండ, మాలు, గ్రానైట్ కలిపి మందం మూడు అంగుళాలు పోయినా 27 మిగులుతుంది. ఆ గదికి తలుపు పెట్టనివ్వలేదు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. మూసిన అలమరాలో అది బయటికి పోయే దారి ఉండదు. గ్యాస్ ట్యూబు ఐదేళ్లకొకసారి మార్చాలి కాబట్టి, ఆ గోడ మీదే మార్చాల్సిన తేదీ పెయింటుతో రాయించాను.

ఏ సామాను వాడామో చెప్తాను. గట్టు కింద చెక్క, ప్లై అస్సలు వాడలేదు. ప్లైవుడ్‌లో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం నీళ్లకు ఆగుతుంది, కానీ ఈ బడ్జెట్‌లో అది రాదు. తక్కువ రకం పెడితే మళ్లీ చెద కథే. మన పక్కనే కడప బండ దొరుకుతుంటే ఇంకోటి ఎందుకు? అడ్డగోడలు నాలుగున్నర అంగుళాల ఇటుకవి, అరలు కడప బండవి, గట్టు ఆధారం కూడా ఒకటిన్నర అంగుళం కడప బండే. పైన మాత్రం గ్రానైట్. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మీద టీచరమ్మకు మనసు పడింది. మెరుపు చుక్కలతో చాలా అందమైన రాయి అది, కాదనను. కానీ తిరుపతి బోరు నీళ్లకి నల్లరాయి మీద తెల్లటి ఉప్పు మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, రోజూ తుడిచినా అంతే. మన జిల్లాలో దొరికే బూడిద రంగు రాయి ఆ మరకల్ని కనిపించనివ్వదు, ధర కూడా చాలా తక్కువ. అడుగు 130కి వచ్చింది. గోడకి తెల్లవి కాకుండా లేత గోధుమ రంగు టైల్స్ వేశాం, స్టవ్ వెనక మాత్రం నాలుగు అడుగుల ఎత్తు దాకా.

ఇక్కడ నా పొరపాటు ఒకటి రాయాలి. సింకు 24 బై 18 అని పెట్టె మీద కొలత చూసి, గ్రానైట్ యార్డుకి ఫోన్‌లో చెప్పేశాను. వాళ్లు సరిగ్గా అంతే కోశారు. పెట్టె మీది కొలత సింకు అంచుతో కలిపి. రాయి వచ్చాక సింకు పెడితే కంతలోంచి కిందికి జారిపోయింది. ఆ ముక్క మొత్తం మార్చాల్సి వచ్చింది, 1,900. అది నా తప్పు కాబట్టి టీచరమ్మ లెక్కలో రాయలేదు, నేనే పెట్టుకున్నాను. ఎప్పుడైనా సింకునే మోసుకుని యార్డుకి తీసుకెళ్లి, రాయి మీద బోర్లించి గీత గీయించాలి. పదహారేళ్ల అనుభవం ఉన్నా ఆ రోజు తొందరలో ఆ పని చేయలేదు.

తొందరకి కారణం జాతర. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మంగళవారం రాత్రి జాతర మొదలైందని చాటింపు పడితే మళ్లీ మంగళవారం దాకా మా మేస్త్రీ తాపీ పట్టుకోడు. జాతరలో భక్తులు వేసే వేషాల్లో 'తోటి' వేషం వేస్తానని ఆయన కొడుకు మొక్కుకున్నాడు. చాటింపులోగా రాయి కూర్చోబెట్టేయాలని నేను పరుగులు పెట్టాను. రాయి తప్పుగా కోయడంతో ఎలాగూ ఆగింది. తర్వాత ఆలోచిస్తే అదే మేలైంది. ఇటుక గోడలకు ఏడెనిమిది రోజులు నీళ్లు పట్టే సమయం దొరికింది. కింది అక్క పూటకోసారి మేడెక్కి తడిపింది. మే ఎండల్లో పచ్చి గోడల మీద అంత బరువు పెట్టి ఉంటే బీటలు వచ్చేవే. తిరుపతిలో మేలో గానీ, బ్రహ్మోత్సవాల రోజుల్లో గానీ పని పెట్టుకునేవాళ్లు క్యాలెండర్ చూసుకుని, ఆ వారం నీళ్లు పట్టే వారం అయ్యేలా పని ముందే మొదలుపెట్టండి.

కరెంటు పని ఒక రోజున్నర. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు అంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్‌కి అది మోయలేని బరువు, గోడ మాడింది అందుకే. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్ పెట్టి, 16 ఆంపియర్ల సాకెట్లు రెండు ఇచ్చాం. మిక్సీకి, గ్రైండర్‌కి వేరే రెండు ప్లగ్‌లు, ఫ్రిజ్‌కి ఒకటి. సింకుకి మూడడుగుల లోపు ఏ ప్లగ్గూ లేదు. ఎర్త్ వైరు చూస్తే పాత బోర్డు దగ్గరే తెగిపోయి ఉంది. దాన్ని కలిపి, షాక్ కొడితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. ఇందులో ఒక్క రూపాయి కూడా తగ్గించే ప్రసక్తే లేదని టీచరమ్మకు ముందే చెప్పాను. చిన్న పిల్లలున్న కుటుంబం రావచ్చు కదా.

ట్యాపులు రెండు: మున్సిపల్ నీళ్లకి ఒకటి, బోరు నీళ్లకి ఒకటి. రెండూ ఇత్తడి బాడీవే. ప్లాస్టిక్ ట్యాపులు ఉప్పు నీళ్లకి ఏడాదిలో బిగుసుకుపోతాయి, గట్టిగా తిప్పితే మెడ విరుగుతుంది. సింకు 304 గ్రేడ్ స్టీలు, ఒక మిల్లీమీటరు మందం. చిమ్నీ పెట్టలేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం. చిమ్నీ ఫిల్టర్లు అద్దెకున్నవాళ్లు కడుగుతారని నమ్మి డబ్బు పెట్టలేం. ఫ్యాన్ రెక్కలైతే పండగకి ఒకసారి తుడుచుకుంటారు. తలుపులు సింకు కింద, దాని పక్క రెండు అరలకు మాత్రమే, అల్యూమినియం ఫ్రేములో ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు. మిగతా అరలు తెరిచే ఉన్నాయి. స్టీలు డబ్బాలు వరసగా పేర్చుకోవడానికి అదే సుఖం, బొద్దింకలు దాక్కునే చీకటి కూడా తక్కువ. సున్నం, పుట్టీ, రంగు మామూలే.

లెక్క చెప్తాను. కూల్చడం, రాళ్లూరప్పలు ట్రాక్టర్‌లో పంపడం 4,600. ప్లంబింగ్ 7,800. కరెంటు 6,400. ఇటుక, ఇసుక, సిమెంటు 4,300. కడప బండలు 5,200. గ్రానైట్ కోత, నోజింగ్ (అంచు గుండ్రంగా నున్న చేయడం), రవాణాతో కలిపి 6,500. టైల్స్, గమ్ము 3,700. మేస్త్రీ, హెల్పరు ఆరు రోజులు 12,000. సింకు, ట్యాపులు 5,600. ఫ్యాన్ 1,900. తలుపులు 9,200. రంగు 4,200. స్లాబు లీకు 5,200. నా సూపర్‌విజన్ 6,000. మొత్తం 82,600. అనుకున్న దానికంటే 2,600 ఎక్కువ. ఆ లీకు లేకపోతే 80,000 లోపే ముగిసేది, కానీ ఆ లీకు కోసం పెట్టిన డబ్బే ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనదని నా లెక్క. ఏడాదికి 18,000 చొప్పున దాదాపు నాలుగున్నరేళ్లకు తిరిగి వస్తుంది. గట్టు, రాయి, పైపులు అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంటాయి. తలుపులు మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. ఈ ఖర్చు ఇన్‌కంట్యాక్స్‌లో చూపించుకోవచ్చా అని టీచరమ్మ అడిగారు. అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాని మీద 30 శాతం ఎలాగూ మినహాయింపు ఇస్తారు. రిపేరు చేయించినా, చేయించకపోయినా అంతే. దాని మీద విడిగా ఏమీ రాదు.

జూన్‌లో స్విమ్స్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి, భర్త, అత్తగారు వచ్చి చూశారు. అత్తగారు వేరే గదుల్లోకి పోకుండా నేరుగా స్టవ్ గట్టు దగ్గరికి పోయి, చేయి చాచి ఎత్తు చూసుకుంది. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చారు, అద్దె 10,000కే. ఒక సంగతి వాళ్లు వచ్చాక తెలిసింది. రెండు గట్ల మధ్య నాలుగంగుళాల మెట్టు మూల తుడవడానికి గుడ్డ సరిగ్గా అందడం లేదట. ఆ మూలని గుండ్రంగా నోజింగ్ చేయించి ఉండాల్సింది. వచ్చే పనిలో అలాగే చేస్తాను. స్టవ్ వెనక టైల్స్ మధ్య మామూలు గ్రౌట్ కూడా పసుపు మరకలు పట్టింది. ఆ పది చదరపు అడుగులకైనా మరకలు పట్టని ఎపాక్సీ గ్రౌట్ వాడాల్సింది.

కింది అక్క సీలింగు మరక మీద రంగు వేయించడానికి నేను పెయింటర్‌ని పంపితే వద్దంది. "నవంబరు వానలు పోనీ తమ్ముడూ, అప్పటికీ తడి రాకపోతే వేయిద్దాం" అంది. డిసెంబరు రెండో వారంలో ఫోన్ చేసి పెయింటర్‌ని పంపమంది.